కొలువులో చేరిన గొర్రెలు

ఫారెస్టు రేంజరు చిదానందంగారు బట్టమేక పిట్టను మొదటిసారి చూసిన రోజున తిన్నగా ఇంటికి పోయి భోంచేసి పడుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఆయన ప్రభుత్వోద్యోగి. మామూలు మనిషి దేన్నైనా చూసి ముచ్చటపడితే పెళ్ళాంతో చెబుతాడు, మహా అయితే ఒక పద్యం రాసుకుంటాడు. ప్రభుత్వోద్యోగి ముచ్చటపడితే పైకి ప్రతిపాదన పంపుతాడు. చిదానందం ఆ రాత్రే కూర్చుని ప్రతిపాదన రాసి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, మురిసిపోయి పంపించాడు.

ముచ్చటపడటంలో ఆయన తప్పేమీ లేదు. రాయలసీమలో ఒక మూల సుద్దలబీడు అని ఒక బయలుంది. చెట్టు లేదు, చేమ లేదు, చీలమండల దాకా గడ్డి. అందులో మనిషి నడుమంత ఎత్తు పిట్ట, పొడుగాటి తెల్లమెడ, నెత్తిన నల్లటోపీ, తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరులాగా నాలుగడుగులేసి ఆగి, చుట్టూ చూసి, ఎవరినీ లెక్కచెయ్యకుండా మిడతల్ని ఏరుకు తింటోంది. ఒక పక్కన గొర్రెలకాపరి మద్దమ్మ మంద మేస్తోంది, ఒక పక్కన ఈ పిట్ట. ఒకదాని జోలికి ఇంకొకటి పోవడం లేదు. ఇలాంటి పిట్టలు దేశం మొత్తం మీద నూటయాభై కూడా మిగల్లేదని చిదానందం చదివాడు. అది తన రేంజిలో, తన కళ్ళ ముందు, తన జీపుకి రాయివేటు దూరంలో తిరుగుతుంటే ఆయన జీపు ఆపేసి అక్కడే కూర్చుండిపోయాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ దొంగకలప లారీల వెనక పరిగెత్తడం తప్ప ఏమీ చెయ్యనివాడికి, ఈ పిట్టని కాపాడితే చాలు, తన బతుక్కి ఒక అర్థముంటుందనిపించింది.

ప్రతిపాదన వెళ్ళిన వేళ కూడా మంచిదే. ఆ ఏడాది పైవాళ్ళకి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. ‘నేల, నీరు, అడవి: ప్రకృతికీ ప్రజలకీ’ అని ఒక ఉద్యమం బయల్దేరింది. ప్రతి జిల్లావాళ్ళూ తాము సంరక్షించినది ఏదో ఒకటి చూపించి తీరాలి. జిల్లా అటవీ అధికారి వైకుంఠరావుగారికి చూపించడానికి ఏమీ లేదు. అడవిలో అడవి లేదు, చెరువులో నీరు లేదు. అలాంటి సమయంలో చిదానందం కాగితం ఆయన బల్ల మీద పడింది.

"మీ ఉత్సాహాన్ని పరిగణనలోకి తీసుకున్నాం" అన్నాడు వైకుంఠరావు, సమావేశానికి పిలిపించి. ఆయన భార్యతో కూరల గురించి మాట్లాడినా ఇదే భాష. "అయితే సంరక్షణ అనేది శాస్త్రీయ ప్రాతిపదికన జరగాలి. సంరక్షించవలసిన అంశమేది?"

"పిట్ట సార్."

"సదరు పిట్ట నివాసమేది?"

"గడ్డి సార్."

"కాబట్టి మూలాంశం గడ్డి. గడ్డికి హాని తలపెడుతున్నది ఎవరు?"

బళ్ళో జవాబు తెలిసిన పిల్లవాడు చెయ్యెత్తినట్టు, చిదానందం కుర్చీలోంచి సగం లేచాడు. "గొర్రెలు సార్! రోజూ మేస్తున్నాయి!"

ఈ ముక్క అన్నది వైకుంఠరావు కాదు, మంత్రి కాదు, నిపుణుడు కాదు. చిదానందమే. తరవాతి రోజుల్లో ఆయన తన చెంప తనే వాయించుకోవాలనుకున్నప్పుడల్లా ఈ వాక్యమే గుర్తొచ్చేది.

నెల తిరక్కుండా బీడు చుట్టూ కంచె లేచింది. శాఖ సిబ్బందికి తప్ప ఎవరికీ ప్రవేశం లేదని ఒక బోర్డు, ‘నిశ్శబ్దం పాటించండి, పక్షి విశ్రాంతి తీసుకొనుచున్నది’ అని ఇంకో బోర్డు. గేటు దగ్గర వాచరు ఉసేనయ్యని పెట్టారు. ఉసేనయ్యకి పిట్ట మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. శాఖవాళ్ళిచ్చిన ఆకుపచ్చ కోటు మీద మాత్రం చాలా ప్రేమ. ఎండాకాలంలో కూడా విప్పేవాడు కాదు.

మద్దమ్మ మందని తోలుకుని గేటు దాకా వచ్చి నిలబడింది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో అందరికంటే పెద్ద మంద ఆమెది. పెద్ద నోరు కూడా ఆమెదే.

"ఏం సారూ, మా తాతలనాటి నుంచి మేపుకుంటాండేది ఈడే గదా. ఈ గడ్డి ఇప్పుడు దేనికంట?"

"సంరక్షించడానికి, మద్దమ్మా" అన్నాడు చిదానందం, సౌమ్యంగా.

"సంరచ్చించి?"

"సంరక్షించి... ఇంకా సంరక్షిస్తాం."

"తినేదానికి కాదు, కోసేదానికి కాదు. చూసేదానికా?"

"చూడ్డానికీ వీల్లేదు. లోపలికి ప్రవేశం లేదుగా."

మద్దమ్మ ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, గొర్రెలతో "పదండి, ఈ సారుకి గడ్డి కావాలంట" అని మళ్ళించుకు పోయింది. ఉసేనయ్య కోటు చాటున నవ్వుకున్నాడు. తాను పిట్ట కోసం అవమానాలు పడుతున్నాననుకుని చిదానందం కాస్త గర్వపడ్డాడు కూడా.

వానలు బాగా పడ్డాయి. తినేవాళ్ళు లేని గడ్డి ఏం చేస్తుంది? పెరిగింది. మోకాలు దాటింది, నడుం దాటింది, రొమ్ము దాకా వచ్చింది. సంరక్షణ విజయవంతమైందని పేపర్లో వేశారు. కింద ఫొటోలో శాఖ సిబ్బంది మొత్తం ఉన్నారు గానీ గడ్డిలో మునిగిపోయి టోపీలే కనిపిస్తున్నాయి. మీ కృషి అభినందనీయమని వైకుంఠరావు ఫోన్ చేశాడు. చిదానందం ఆ పేపరు కటింగు పర్సులో పెట్టుకున్నాడు.

పిట్ట మాత్రం కనిపించలేదు. మొదట్లో గడ్డి చాటున ఉందనుకున్నాడు. జీపు బానెట్టెక్కి చూశాడు. టాపెక్కి చూశాడు. నాలుగు దిక్కులా ఆకుపచ్చ సముద్రం తప్ప ఏమీ లేదు. నక్క వస్తోందో కుక్క వస్తోందో దూరం నుంచే చూసుకోగలిగితేనే ఆ పిట్టకి ప్రాణం నిలకడగా ఉంటుంది. మెడకంటే ఎత్తుగా గడ్డి లేస్తే అది అక్కడ ఒక్క పూట కూడా ఉండదు. ఈ సంగతి ఆయన ప్రతిపాదన రాయడానికి ముందే పుస్తకంలో చదివాడు. చదివి, బావుందని కింద గీత కూడా గీశాడు. గీత గీసిన మాటని మళ్ళీ ఆలోచించాల్సిన పనిలేదనుకోవడం చదువుకున్నవాళ్ళకి అలవాటే. ఆ రోజు జీపు టాపు మీద కూర్చుని ఆయన నిజంగా ఏడ్చాడు. తరిమేసింది తనే.

వచ్చే వానాకాలానికి మంత్రిగారు సుద్దలబీడు చూడటానికి వస్తారని కబురొచ్చింది. వైకుంఠరావుకి చెమటలు పట్టాయి. నిపుణుల సంఘం వేశారు. వాళ్ళు ఒక పూట గడ్డిలో దారితప్పి, సాయంత్రానికి బయటపడి, గడ్డి ఎత్తు తగ్గించాలని సిఫారసు చేశారు.

"తగ్గించండి" అన్నాడు వైకుంఠరావు.

"ఎలా సార్? కోత యంత్రం పెడితే చప్పుడు. నిశ్శబ్ద ప్రాంతమని మనమే ప్రకటించాం."

"నిప్పు?"

"నిషేధించాం సార్."

"కొడవళ్ళతో కూలీలు?"

"సిబ్బందికి తప్ప ప్రవేశం లేదు సార్."

కిటికీ అవతల ఎక్కడో ఒక గొర్రె అరిచింది. చిదానందం మళ్ళీ కుర్చీలోంచి సగం లేచాడు. ఒకసారి కాలినవాడికి బుద్ధి రావాలి గానీ, ఆయనకి ఆలోచన వచ్చింది.

"గొర్రెలు సార్! గొర్రెల్ని మళ్ళీ పంపిస్తే..."

"గొర్రెల ప్రవేశం నిషిద్ధం. ఉత్తర్వులు మీరు తయారుచేసినవే" అన్నాడు వైకుంఠరావు. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళజోడు తీశాడంటే ఏదో ఒక ఘనకార్యం జరగబోతోందని అర్థం. "అయితే సిబ్బంది ప్రవేశం నిషిద్ధం కాదు."

అలా మద్దమ్మ గొర్రెలు అటవీశాఖలో చేరాయి. ‘తాత్కాలిక తృణ నియంత్రణ సహాయకులు’ అన్నది వాటి హోదా. పశువుల డాక్టరు వచ్చి పళ్ళు చూసి అర్హత నిర్ణయించాడు. రెండు ముసలి గొర్రెలకి పదవీ విరమణ వయసు దాటిందన్నారు. "మా ఊళ్ళో దీనంత తిండిపోతు ఇంకోటి లేదు సారూ" అని మద్దమ్మ ఎంత మొత్తుకున్నా నిబంధన నిబంధనే. పొట్టేళ్ళు కుమ్ములాడుకుంటే క్రమశిక్షణా చర్య కింద గేటు బయట కట్టేశారు.

సంరక్షిత ప్రాంతంలో సిబ్బంది యూనిఫాం వేసుకోవాలి కాబట్టి గొర్రెలకి ఆకుపచ్చ కోట్లు కుట్టించారు. తన కోటు, గొర్రె కోటు ఒకే తానులోంచి తీశారని తెలిసి ఉసేనయ్య రెండు రోజులు అన్నం మానేశాడు. ఆయన బాధ ఎక్కువ రోజులు లేదు. గొర్రెలు గడ్డి జోలికి పోకముందే ఒకదాని కోటు ఇంకొకటి తినేశాయి.

హాజరు ఇంకో తలనొప్పి. ఇప్పుడు అందరికీ ఫోన్లో మొహం చూపించి హాజరు వేసుకోవడమే కదా, గొర్రెలకీ అదే పెట్టారు. ఉసేనయ్య ఒక్కొక్క గొర్రె గడ్డం పట్టుకుని ఫోను ముందు పెట్టేవాడు. ఫోనుకి గొర్రెలన్నీ ఒకేలా కనిపించాయి. ఒక గొర్రె ఒకే ఉదయం లెక్కలేనన్ని సార్లు హాజరైనట్టూ, మిగతా మంద మొత్తం చెప్పకుండా సెలవు పెట్టినట్టూ రాసుకుంది. ఆ ఒక్క గొర్రెకీ ఉత్తమ ఉద్యోగి కింద పూలదండ వేశారు. అది దండని అక్కడే తినేసింది.

మద్దమ్మ కూడా తొందరగానే నేర్చుకుంది. శాఖ నీళ్ళు వంటబట్టాయంటే ఎవరైనా అంతే. "మా సహాయకులకి మజ్జాన్నం విశ్రాంతి సమయం ఉందా లేదా? ఈనిన గొర్రెలకి సెలవు ఇయ్యరా? ఆడవాళ్ళకిస్తాండారు గదా!" అని చిదానందాన్ని నిలదీసింది. ప్రసూతి సెలవు మంజూరైంది. ఈనడానికి సిద్ధంగా ఉన్నవి మందలో సగం.

అసలు చిక్కు పనివేళల దగ్గర వచ్చింది. గొర్రె చల్లపొద్దున మేస్తుంది, ఎండ తగ్గాక మేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల దూర్చుకుని కదలకుండా నిలబడుతుంది. శాఖ పనివేళలు పదింటి నుంచి ఐదింటి దాకా. కాబట్టి సహాయకులు పదింటికి వచ్చి, తలలు దించుకుని ఒకచోట గుమిగూడి, కునికిపాట్లు పడుతూ నిలబడి, సరిగ్గా ఆకలి మొదలయ్యే వేళకి గేటు దాటి ఇళ్ళకి పోయేవాళ్ళు. తనిఖీకి వచ్చిన వైకుంఠరావు ఆ దృశ్యం చూసి, "వీరు మన వాతావరణానికి బాగా అలవాటుపడ్డారు" అన్నాడు. చిదానందం తల దించుకున్నాడు. ఆయనకి తన ఆఫీసు మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి.

"పొద్దున ఆరింటికి రానిస్తే మేస్తాయి సార్" అన్నాడు.

"పనివేళలు కాని వేళలో సంరక్షిత ప్రాంతంలో ఉండటం అతిక్రమణ. వీరు సిబ్బందే అయినా సరే."

గడ్డి ఒక్క వేలెడు కూడా తగ్గలేదు. వానలు మళ్ళీ మొదలయ్యాయి. మంత్రిగారి ప్రయాణం ఖాయమైంది. పిట్ట లేకపోయినా పిట్ట ఉన్న లక్షణాలు ఉండాలని బీడు మధ్యలో ఫైబరుతో తాటిచెట్టంత బట్టమేకను నిలబెట్టారు. రాత్రిపూట దాని కళ్ళు వెలుగుతాయి. దాన్ని చూసిన నిజం పిట్ట ఏదైనా ఉంటే పక్క రాష్ట్రం దాకా ఆగకుండా పోయేదని చిదానందం అనుకున్నాడు, పైకి మాత్రం "చాలా సహజంగా ఉంది సార్" అన్నాడు.

మంత్రిగారి హెలికాప్టరు దిగడానికి కంచె బయట, పల్లం దాటాక ఒక చెలక, దున్నకుండా వదిలేసిన మెట్టచేను, ఎన్నికలప్పుడే చదును చేసి ఉంది. దాని మధ్యలో సున్నంతో వేసిన గుండ్రం, గుండ్రంలో పెద్ద హెచ్ అక్షరం. ఆ సున్నం వెలిసిపోయింది, మళ్ళీ వేయించమని చిదానందానికి ఆజ్ఞ. ఎంత సున్నం కావాలో చూసుకుందామని ఆయన ఒక్కడే తెల్లవారుజామున నడుచుకుంటూ పోయాడు.

చెలకంతా చీలమండల దాకా గడ్డి, దువ్వి వదిలినట్టుంది. తాజా పెంటికలు చూసి సంగతి బోధపడింది. పనివేళలు కాని వేళల్లో సహాయకులు తమ ఆకలి ఇక్కడ తీర్చుకుంటున్నారు. కోపం తెచ్చుకుందామా అని ఆలోచిస్తుండగా, హెచ్ అడ్డగీత పక్కనుంచి ఒక మెడ లేచింది.

పొడుగాటి మెడ. నల్లటోపీ. ఆడపిట్ట. అది ఆయన్ని చూసి తొందరేమీ లేనట్టు లేచి, నాలుగడుగులు పక్కకి నడిచి, ఆగి, చూసింది. అది లేచిన చోట వట్టినేల మీద, గూడూ లేదు పాడూ లేదు, ఒకే ఒక్క గుడ్డు.

చిదానందం అక్కడే చతికిలబడ్డాడు. ఏడాదిగా గుండెల మీద కూర్చున్న బరువు ఒక్కసారిగా దిగిపోయినట్టయి, పిచ్చివాడిలా నవ్వుకున్నాడు. ఆ నవ్వులోనే చెయ్యి తనంతట తానే జేబులోకి పోయి ఫోను తీసి వైకుంఠరావు నంబరు నొక్కబోయింది. అలవాటు. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు.

చెబితే ఏమవుతుందో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు? మధ్యాహ్నానికి కెమెరాలొస్తాయి. సాయంత్రానికి కంచె. గొర్రెల్ని తరిమేస్తారు. వచ్చే వానకి ఇక్కడా రొమ్ము దాకా గడ్డి, దాని మధ్యలో ఇంకో ఫైబరు పిట్ట. చెప్పకపోతేనో, పిట్టల సంరక్షణకి వస్తున్న మంత్రిగారి హెలికాప్టరు సరిగ్గా ఆ గుడ్డు మీద దిగుతుంది.

ఆయన పిల్లిలా వెనక్కి వచ్చి, రోడ్డెక్కాక ఫోన్ చేశాడు.

"సార్, హెలిప్యాడు నల్లరేగడి. వాన నీళ్ళు తాగి ఉంది. చక్రాలు కుంగుతాయేమోనని నా అనుమానం."

"మీ అనుమానానికి ప్రాతిపదిక ఏమిటి? నేల గురించి చెప్పవలసింది రోడ్ల ఇంజనీరు. ఆయన ధ్రువీకరించాలి."

చిదానందం ఇంజనీరుకి ఫోన్ చేశాడు. జీవితంలో మొట్టమొదటిసారి సాటి ఉద్యోగి బద్ధకం మీద నమ్మకంతో దేవుడికి దండం పెట్టుకున్నాడు. ఇంజనీరు ఆవులిస్తూ మొత్తం విన్నాడు.

"కుంగుతుందంటారా? కుంగదని రాయాలంటే నేను వచ్చి చూడాలండీ. కుంగుతుందని రాయడానికి రావక్కర్లేదు. కుంగుతుందనే రాస్తాను."

అంతటితో ఆ చెలక ఏ పనికీ పనికిరాని స్థలమని తేలిపోయింది. ఇంతకంటే గట్టి సంరక్షణ ప్రభుత్వం దగ్గర ఇంకేదీ లేదు.

మంత్రిగారు కార్లలో వచ్చారు. గడ్డిలో దారి చేసి ఫైబరు పిట్ట దాకా తీసుకెళ్ళారు. సహాయకులు మధ్యాహ్నపు ఎండలో తలలు దించుకుని గౌరవవందనం చేస్తున్నట్టే నిలబడ్డారు. మంత్రిగారు ముగ్ధులయ్యారు. అన్నీ అయ్యాక, "ఇంతకీ నిజం పిట్ట ఏదయ్యా?" అన్నారు.

వైకుంఠరావు చిదానందం వైపు చూశాడు. అందరూ చూశారు.

"లేదు సార్" అన్నాడు చిదానందం.

"లేదా? ఇంత చేస్తే లేకుండా ఎక్కడికి పోయింది?"

"క్షేత్రస్థాయి సిబ్బంది నిర్లక్ష్యం సార్" అన్నాడు వైకుంఠరావు వెంటనే. క్షేత్రస్థాయి సిబ్బంది అంటే చిదానందం. "మంత్రిగారి సూచన మేరకు కంచె బయట కూడా గాలించెదం. ఆ పల్లం అవతలి చెలకలో ఏమైనా..."

చిదానందం పక్కనున్న ఫైబరు కాలు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తరవాత తన శాఖ ఇన్నేళ్ళుగా తనకి నేర్పిన భాషలో, తడుముకోకుండా అన్నాడు.

"అక్కడ గొర్రెలు మేస్తున్నాయి సార్. గొర్రెలు మేసే చోట పిట్ట ఎలా ఉంటుంది?"

వైకుంఠరావు తల పంకించాడు. మంత్రిగారూ తల పంకించారు. శాస్త్రీయమైన మాటని ఎవరు కాదంటారు? కార్లు వెళ్ళిపోయాయి. ఒక అరుదైన పక్షి అంతరించడానికి కారకుడయ్యాడని సంజాయిషీ అడుగుతూ చిదానందానికి వారం లోపల మెమో వచ్చింది. ఆయన తప్పు ఒప్పుకుని సంతకం పెట్టాడు. ఇంక్రిమెంటు పోయింది.

మెమో మీద సంతకం పెట్టిన సాయంత్రం, జీపు దూరంగా ఆపి, చెలక వైపు నడిచాడు. గట్టు మీద మద్దమ్మ అడ్డం నిలబడింది. వెనక గొర్రెలు హెచ్ అక్షరానికి ఎడంగా, ఎవరో గీత గీసినట్టు ఒక పక్కనే మేస్తున్నాయి.

"యాడికి సారూ?"

"ఊరికే. ఇట్లా..."

"ఆడేం ల్యాదు. బురద. కుంగుతాదంట, మీవోళ్ళే చెప్పినారు."

ఆమె కళ్ళు ఎటు పోతున్నాయో, ఎటు పోకుండా జాగ్రత్తపడుతున్నాయో చూసి చిదానందానికి అర్థమైంది. "నీకు తెలుసా, మద్దమ్మా?"

మద్దమ్మ చేతికర్ర గట్టిగా పట్టుకుంది. ఆ మొహంలో మొదటిసారి భయం కనిపించింది.

"సారూ, నీకు దండం పెడతా. నాకు పిట్ట మీద ప్రేమా లేదు, దోమా లేదు. నాకు మిగిలిండేది ఈ పిడికెడు గడ్డే. గుడ్డు పగిలి పిల్ల వచ్చినాది నిన్న. ఆ సంగతి అడవిశాఖోళ్ళకి మాత్రం తెలియనీయాకు. వాళ్ళకి తెలిస్తే ఈ గడ్డీ పాయ, ఆ పిల్లా పాయ."

ఆకుపచ్చ చొక్కా, టోపీ, భుజాల మీద నక్షత్రాలు, బెల్టు మీద సింహాల బొమ్మతో చిదానందం ఆమె ముందు నిలబడి ఉన్నాడు.

"తెలియనీయను" అన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, "ఒక్కసారి చూసి పోవచ్చా?" అని అడిగాడు.

మద్దమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"పొద్దున్నే రా సారూ. ఈ గుడ్డలిప్పేసి, పంచ కట్టుకోని రా. వీటిని చూస్తే బెదురుతాయి."

గొర్రెలా, పిట్టలా అని చిదానందం అడగలేదు. మర్నాడు తెల్లవారకముందే పంచ కట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు.